మన బోరు నీళ్లా? నది నీళ్లా?



మా మందిరపు ఆవరణలో వేపచెట్టు క్రింద ఒక బోరింగు ఉన్నది. 1986లో వాన లేక ఊరి బావులన్నీ అడుగంటినప్పుడు, మా సంఘపెద్ద ఒకరు తన ఎకరము చెలక అమ్మి ఆ బోరు వేయించారు. నీరు పడిన రోజున ఊరంతా బిందెలు పట్టుకొని వచ్చినదని పాతవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాడు కులమని చూడలేదు, మతమని చూడలేదు. మందిరపు గేటుకు తాళము వేయవద్దని ఆ పెద్దాయన పట్టుబట్టారు. బోరింగు గద్దె మీద ఆయన పేరు, సంవత్సరము, ఒక వాక్యభాగము చెక్కిన రాయి ఉన్నది.

మేము పరిచర్య నిమిత్తము ఈ గ్రామమునకు వచ్చినది 2010లో. నల్లగొండ జిల్లా పడమటి వైపు పల్లె ఇది. వచ్చిన మొదటి రోజున మాకిచ్చిన మొదటి చెంబెడు నీరు ఆ బోరింగుదే. తియ్యని నీరు. పప్పు త్వరగా ఉడుకుతుంది. ప్రక్క గ్రామమునుండి కూడా సైకిలుకు క్యానులు కట్టుకొని వచ్చి పట్టుకొని పోయేవారు. అటువంటి బోరు గురించి ఒకనాడు మేము లేచి నిలబడి, దీనిని త్రాగవద్దు అని చెప్పవలసి వస్తుందని అనుకోలేదు.

అమ్మాయి పళ్లు

2018 ఆరంభములో మా చిన్నమ్మాయికి ఏడేండ్లు. పాలపళ్లు రాలి ముందు పళ్లు కొత్తవి వచ్చాయి. వాటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చారలు, ఒకటి రెండు చోట్ల పసుపు మచ్చలు. సరిగా తోముకోవడము లేదని ఇంట్లో ఆమెను మందలించాము. బొగ్గుపొడి పెట్టాము, ఉప్పు పెట్టాము. మచ్చ పోలేదు. ఆదివారము బడిలో పిల్లలు పాట పాడుతుండగా చూస్తే, సగము మందికి పైగా పిల్లల పళ్లు అలాగే ఉన్నాయి. ఎనిమిదేండ్లుగా ఆ ముఖములను చూస్తున్నాము గాని ఆ పళ్లను చూడలేదు.

బోరింగు నీటిని ఒక సీసాలో పట్టి నీటి పరీక్షా కేంద్రమునకు ఇచ్చాము. ఫ్లోరైడు అనుమతించిన పరిమితికి రెండింతలకు మించి ఉన్నదని కాగితము వచ్చింది.

ఇక్కడ మా తప్పును దాచకుండా చెప్పాలి. ఆ కాగితమును మేము బైబిలు సంచిలో పెట్టుకొని దాదాపు ఒక సంవత్సరము ఊరుకున్నాము. మా ఇంటికి మాత్రము ప్లాంటు నీళ్ల క్యాను తెప్పించుకున్నాము. బోరు వేయించిన పెద్దాయనకు అప్పటికి డెబ్బై దాటాయి. ప్రతి ఉదయము ఆయన వచ్చి ఆ గద్దెను కడిగి పోయేవారు. ఆయన దానమును విషమని ఎలా చెప్పగలమని మేము వెనుకాడాము. ఆ సంవత్సరములో మా పిల్లలు త్రాగని నీటిని సంఘములోని పిల్లలు త్రాగారు. ఈ మాట వ్రాయడము మాకు సులువు కాదు.

నీటిలో దాగిన రాయి

ఫ్లోరైడు ఎవరో కలిపిన విషము కాదు. మన ప్రాంతపు భూమి క్రింద ఉన్న గ్రానైటు రాళ్లలోని ఖనిజములనుండి అది మెల్లగా నీటిలో కరుగుతుంది. నీరు రాతిలో ఎక్కువ కాలము నిలిచిన కొద్దీ, ఆ నీటిలో సున్నపు పాలు తక్కువైన కొద్దీ ఫ్లోరైడు పెరుగుతుంది. సున్నము తక్కువైతే నీరు మెత్తగా, తియ్యగా ఉంటుంది. పప్పు చక్కగా ఉడుకుతుంది. అందుచేత నోటికి మంచివని తోచిన నీళ్లే ఎముకలకు చెడ్డవి కావచ్చు. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. పరీక్ష తప్ప దానిని పట్టుకొనే దారి లేదు.

మన దేశపు ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చు. అది దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే మొదట పిల్లల పళ్లు చెడుతాయి. చిగురు క్రింద పళ్లు తయారయ్యే వయస్సులో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపు త్రాగిన నీటి గుర్తు ఆ పళ్లపై జీవితాంతము నిలుస్తుంది. మోతాదు ఎక్కువైతే అది ఎముకలలో చేరుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎండలో కూలి చేసి ఎక్కువ నీళ్లు త్రాగేవారికి, పాలు గ్రుడ్లు దొరకని పేద ఇండ్లవారికి ఈ బాధ ఎక్కువ. బిగిసిన ఎముకను తిరిగి మామూలు చేసే మందు లేదు.

చాలామంది తల్లులు మమ్మును అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. కాచి చల్లార్చి త్రాగితే పోతుందా అని. పోదు. కాచినప్పుడు క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు.

మన దేశములో ఈ జబ్బును మొదట వైద్యులు వ్రాసిపెట్టినది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పల్లెలలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు 1973లో ప్రపంచమునకు తెలియజేశారు. నాగపూరులోని నీరి సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి అనే ఆ పేరు ఆఫ్రికాలోని టాంజానియా వరకు వెళ్లింది. అయితే ప్రతి ఇంట్లో ప్రతిరోజు పటిక కొలిచి కలిపి, గంటసేపు ఆగి, తేట వంచుకొని, అడుగు మడ్డిని దూరముగా పారబోయడము కూలికి పోయే ఆడవారికి సాధ్యము కాలేదు.

నది దగ్గరే, నీరు దూరము

కృష్ణానది మన జిల్లా అంచునే పారుతున్నది. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. అయినా పడమటి మెరక పల్లెలు బోరు నీళ్లే త్రాగాయి. ఆ బాధను లోకమునకు చెప్పడానికి 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. జలసాధన సమితి పిలుపు మీద సామాన్యులు 500 రూపాయల చొప్పున ధరావతు కట్టారు. ఓటు కాగితము చిన్న పుస్తకమంత అయినది. అదే సంవత్సరము చట్టమును మార్చి లోక్‌సభ ధరావతును 10,000 రూపాయలకు పెంచారు. 2003లో మర్రిగూడ మండలము శివన్నగూడెమునకు చెందిన, ఎముకలు వంకరపోయిన ఒక యువకుడిని ఢిల్లీకి తీసుకొనిపోయి, అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారి బల్లమీద పడుకోబెట్టి చూపించారు.

2004లో అక్కంపల్లి జలాశయమునుండి కృష్ణా నీరు పెద్ద గొట్టములలో హైదరాబాదుకు బయలుదేరింది. ఆ గొట్టములు మన జిల్లా భూములలోనుండే వెళ్లాయి. ఆ తరువాత కొన్ని గ్రామములకు సమగ్ర రక్షిత మంచినీటి పథకముల ద్వారా నది నీరు చేరింది. కొన్ని గ్రామములకు వారమునకు రెండు రోజులు వచ్చేది, కొన్నింటికి పేరుకే వచ్చేది. 2015లో చౌటుప్పల దగ్గర పైలాను వేసి, 2016 ఆగస్టు 7న గజ్వేలు మండలము కోమటిబండలో ప్రారంభించిన మిషన్ భగీరథ పథకము, నదులనుండి ప్రతి ఇంటికి నల్లా అని బయలుదేరింది. పల్లెలలో మనిషికి రోజుకు 100 లీటర్లు అందించాలని దాని లెక్క.

మా ఊరికి ఆ గొట్టము వచ్చినప్పుడు సంతోషము కంటె అనుమానమే ఎక్కువ కనిపించింది.

గ్రామసభలో మూడు వాదములు

2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచ్ ఆ వేసవిలో గ్రామసభ పెట్టారు. ఊరి బోర్లను త్రాగునీటికి ఆపి అందరూ నది నీటికి మారాలా అన్నది ఆనాటి ప్రశ్న. బడి వరండాలో మూడు గంటలు మాట్లాడుకున్నారు.

నది నీళ్లే కావాలన్నవారు ఎక్కువగా చిన్న పిల్లల తల్లులు. బిందె మోత తప్పుతుంది, పిల్లల కాళ్లు బాగుంటాయి అన్నారు.

వద్దన్నవారి మాటలు కూడా తీసివేయదగినవి కావు. ఒక రైతు లేచి, "మన బోరు మన చేతిల ఉంటది. ఆ నీళ్లు నూరు కిలోమీటర్ల దూరంకెళ్లి రావాలె. నడుమ పైపు పగిలితే ఎవలను అడగాలె? కరెంటు పోతే ఏం తాగాలె?" అన్నాడు. మాట నిజమే. నదిలో నీరు ఎత్తాలి, శుద్ధి కేంద్రములో పటికతో తేర్చి, ఇసుకలో వడకట్టి, క్లోరిను కలపాలి. మోటార్లతో గుట్టమీది ట్యాంకుకు ఎక్కించాలి. అక్కడనుండి ఊరి ట్యాంకుకు, ఊరి ట్యాంకునుండి వీధి గొట్టమునకు, అక్కడనుండి నల్లాకు. ఈ గొలుసులో ఒక్క కడియము తెగినా పది ఊళ్లు ఎండుతాయి. ఊరి బోరు చెడితే ఒక్క ఊరే ఎండుతుంది.

ఒక అవ్వ నల్లా నీళ్లు రుచి చూసి వచ్చి, "అయ్యగారూ, నీళ్లు తేటగనే ఉన్నయి గని మందు వాసన కొడ్తున్నయి. గంజిల పోస్తే గంజి చెడ్తది" అన్నది. అందరూ నవ్వారు గాని, ఊరిలో సగము ఇండ్లవారు నల్లా నీటిని గిన్నెలు కడగడానికి మాత్రమే వాడుతున్నది ఆ వాసన వల్లనే.

మూడవ వాదము ప్లాంటు నీళ్లది. మా సంఘపు యువకుడొకడు అప్పు చేసి నీళ్ల ప్లాంటు పెట్టుకున్నాడు. ఆ యంత్రము ఫ్లోరైడును తీసివేస్తుంది, అది నిజము. నీటిలోని సున్నము, ఇతర లవణములు కూడా చాలావరకు తీసివేస్తుంది. ఒక క్యాను నిండేసరికి ఇంచుమించు మరో క్యాను నీరు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ, ఫ్లోరైడు చిక్కబడి మోరీలోకి పోతుంది. పైగా క్యాను కొనలేని ఇల్లు బోరింగు దగ్గరకే వెళ్లాలి. ఇవన్నీ చెప్పాక ఆ అబ్బాయి ఒకే మాట అడిగాడు: "ఊరంత నల్లాకు మారితె నా అప్పు ఎట్ల తీరుతది అయ్యగారూ?" మా దగ్గర సమాధానము లేకపోయింది.

అప్పుడు ఎవరో, "మందిరము బోరు మంచిదే గద, అది ఉండంగ భయమెందుకు?" అన్నారు. అందరూ మా వైపు చూశారు. పెద్దాయన మొదటి వరుసలో కూర్చొని ఉన్నారు. మేము బైబిలు సంచిలోనుండి ఆ కాగితము తీసి చదివాము. తేదీ కూడా చదివాము. సంవత్సరము క్రిందటి తేదీ.

సభలో ఒక నిమిషము ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక తల్లి, "సంవత్సరం నుంచి తెలిసి చెప్పలేదా అయ్యగారూ?" అన్నది. అవునని ఒప్పుకున్నాము. పెద్దాయన కర్ర తీసుకొని లేచి వెళ్లిపోయారు. ఆ రోజు ఏ నిర్ణయమూ కాలేదు.

దూరదేశపు ఊరి కథ

రెండవ సభకు మా సంఘములో ఇంజనీరింగు చదివిన తమ్ముడొకడు వచ్చి, అమెరికాలోని ఫ్లింట్ నగరపు సంగతి చెప్పాడు. ఆ దేశములోనే అలా జరిగితే మన గతి ఏమిటని కొందరు భయపడ్డారు. అందుచేత మేము ఆ సంగతి పూర్తిగా తెలుసుకున్నాము. మీకూ చెప్పుట మంచిది.

ఫ్లింట్ సుమారు లక్ష జనాభా గల పేద నగరము. 1967 నుండి అది డెట్రాయిట్ నగరపు సంస్థ ద్వారా హ్యూరాన్ సరస్సు నీటిని కొనుక్కొని త్రాగేది. ఖర్చు ఎక్కువవుతున్నదని, అదే సరస్సునుండి కొత్తగా వేస్తున్న మరొక ప్రాంతీయ గొట్టపు పథకములో చేరాలని 2013 మార్చిలో నగర మండలి తీర్మానించింది. అప్పటికే నగరపు అధికారము రాష్ట్రము నియమించిన అధికారి చేతిలో ఉన్నది. కొత్త గొట్టము పూర్తికావడానికి ఏండ్లు పడుతుంది. ఆ మధ్యకాలమునకు 2014 ఏప్రిల్ 25న ఊరి నది నీటికి మారారు.

నది నీరు గొట్టములను తినే గుణము గలది. ఆ గుణమును అణచడానికి కలపవలసిన ఫాస్ఫేటు మందును కలపలేదు. పాత సీసపు గొట్టములు కరిగి సీసము ఇండ్ల నీటిలోకి దిగింది. సీసము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. నీరు గోధుమ రంగులో వస్తున్నదని తల్లులు సీసాలు పట్టుకొని సభలకు వెళ్లారు. నీరు బాగానే ఉన్నదని అధికారులు చెప్పారు. 2014 అక్టోబరులో జనరల్ మోటార్స్ కర్మాగారము తన ఇనుప భాగములు తుప్పు పడుతున్నవని ఆ నీటిని వాడడము మానుకున్నది. ఇనుము కోసము మానినారు గాని పిల్లల కోసము మరో సంవత్సరము మానలేదు. 2015 సెప్టెంబరులో మోనా హన్నా అటీషా అనే పిల్లల వైద్యురాలు పిల్లల రక్తములో సీసము పెరిగినదని లెక్కలతో చూపించిన తరువాత, అక్టోబరు 16న మళ్లీ సరస్సు నీటికి మారారు. ఆ కాలములోనే ఆ ప్రాంతములో లెజియోనేర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో 12 మంది చనిపోయారు. చివరకు 2017 నవంబరులో ఆ నగరము ఆ ప్రాంతపు పెద్ద నీటి సంస్థతో 30 ఏండ్ల ఒప్పందము చేసుకున్నది.

ఈ కథలో చెడు చేసినది దూరపు నీరు కాదు, సరస్సు నీరు మంచిదే. సొంత ఊరి నీరని నమ్మి, పరీక్షించకుండా, త్రాగేవారి మాట వినకుండా తొందరపడి మారడము చెడు చేసింది. మందు కలపవలసినవారు కలపలేదు. చూడవలసినవారు చూడలేదు. తెలిసినవారు ఆలస్యముగా చెప్పారు. ఈ చివరి మాట మాకు ముల్లులా తగిలింది. మేమూ ఆ వరుసలోనివారమే.

ఊరు తీసుకున్న నిర్ణయము

పెద్దాయన రెండు ఆదివారములు మందిరమునకు రాలేదు. మూడవ వారము మేమే ఆయన ఇంటికి వెళ్లాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నేను నీళ్లిచ్చిన అయ్యగారూ. లోపట ఏమున్నదో నాకేం ఎరుక? గని మీకు ఎరుకైన నాడు నాకు చెప్పాలె గద" అన్నారు. ఆయన బాధ బోరు పోతున్నందుకు కాదు. తనను నిజము భరించలేని మనిషిగా మేము లెక్క వేసినందుకు. క్షమించమని అడిగాము. ఆయన వెంటనే ఏమీ అనలేదు. మరుసటి వారము మాత్రము వచ్చి, గద్దె మీది రాయిని తీయవద్దని, దాని క్రింద మరో పలక పెట్టి 'త్రాగుటకు కాదు' అని వ్రాయించమని చెప్పారు. ఆయన మనుమడు బోరింగుకు ఎర్ర రంగు వేశాడు.

మూడవ సభలో ఊరు ఒక మధ్యమార్గమునకు వచ్చింది. త్రాగడానికి, వంటకు నది నీరు. పశువులకు, బట్టలకు, చెట్లకు బోరు నీరు. బోర్లను పూడ్చరాదు. నల్లా ఆగిన రోజున ట్యాంకరు తెప్పించే బాధ్యత పంచాయతీది. అంగన్‌వాడీలోను, బడిలోను మొదట నది నీరు ఇవ్వాలి, ఎందుకనగా పళ్లు తయారయ్యేది ఆ వయస్సులోనే.

అన్నీ సవ్యముగా జరిగాయని చెప్పము. గొట్టము పగిలి నాలుగు రోజులు నీరు రాని వారములు ఉన్నాయి. అప్పుడు కొందరు ఎర్ర బోరింగు దగ్గరకే వెళ్లారు. మందు వాసన పడక ఇప్పటికీ క్యాను కొనే ఇండ్లు ఉన్నాయి. 2020లో కేంద్ర ప్రభుత్వ లెక్కలలో తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసములు సున్నా అని వచ్చింది. ఆ మాటను సరిగా అర్థము చేసుకోవాలి. మంచినీటి పథకము అందని ఆవాసము లేదని దాని భావము. భూమిలో ఫ్లోరైడు అలాగే ఉన్నది. బోరింగు కొడితే అదే నీరు వస్తుంది. వంగిన నడుములు వంగే ఉన్నాయి.

మీ గ్రామము మారే ముందు

చదువరులలో అనేకులు ఇటువంటి గ్రామములలోనే ఉన్నారు. మా అనుభవములోనుండి అయిదు మాటలు చెప్పగోరుచున్నాము.

ఒకటి: ముందు ఇప్పుడు త్రాగుతున్న నీటిని పరీక్ష చేయించండి. బోరు, ప్లాంటు, నల్లా, మూడింటినీ వేరువేరు శుభ్రమైన సీసాలలో పట్టి ఇవ్వండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షా కేంద్రములు ఉన్నాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామములో అయిదుగురు స్త్రీలకు పరీక్ష పెట్టెతో నీరు చూడడము నేర్పాలని నియమము ఉన్నది. మీ గ్రామములో ఆ అయిదుగురు ఎవరో అడగండి.

రెండు: ఫలితమును గ్రామసభలో చదివించి పంచాయతీ గోడమీద వ్రాయించండి. ఎవరి సంచిలోను ఉంచనీయకండి, మావంటివారి సంచిలో అసలే వద్దు.

మూడు: మందు వాసనకు భయపడకండి. నల్లా చివర లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండాలని నియమము. క్రిములు ఆ నీటిలో బ్రతకలేదని ఆ వాసన గుర్తు. బిందెలో పోసి, పలుచని గుడ్డ కప్పి, కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. అసలు వాసనే రాని రోజున వాల్వు తిప్పే మనిషిని అడగాలి.

నాలుగు: నల్లాకు మోటారు బిగించవద్దు. మోటారు లాగినప్పుడు గొట్టములోని సందులగుండా ప్రక్కనున్న మోరీ నీరు లోపలికి పీల్చబడుతుంది. పై వీధివారు మోటారు పెడితే చివరి వీధివారికి బురద వస్తుంది, లేదా ఏమీ రాదు. మన ఊళ్లలో చివరి వీధి ఎవరిదో మీకు తెలుసు.

అయిదు: తిండి విషయములో కూడా జాగ్రత్త పడండి. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి, నిమ్మ వంటివి పిల్లలకు పెట్టండి. చింతపండు తిన్న పిల్లలలో మూత్రము ద్వారా ఎక్కువ ఫ్లోరైడు బయటకు పోయినదని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించారు. అయితే మంచి నీటికి చారు బదులు కాదు. నల్ల ఉప్పు, చిక్కని డికాషను టీ తగ్గించండి, వాటిలో ఫ్లోరైడు ఎక్కువ.

చివరి మాట

యెరికో పట్టణపువారు ప్రవక్త దగ్గరకు వచ్చి, మా ఊరు చూడడానికి బాగున్నది గాని నీళ్లు మంచివి కావు అని దాచకుండా చెప్పుకున్న సంగతి మీకు తెలిసినదే. ఆ నీటి ఊట బాగుపడక ముందు ఆ ఊరివారు చేసిన మొదటి పని అదే. తమ నీళ్లు చెడ్డవని నోరు తెరిచి ఒప్పుకున్నారు. అది మేము చేయలేకపోయిన పని.

పెద్దాయన గత సంవత్సరము ప్రభువునందు నిద్రించారు. చివరి నెలలలో ఆయనకు నల్లా నీళ్లే ఇచ్చారు. మందు వాసన గురించి ఆయన చివరివరకు సణుగుతూనే ఉన్నారట. బోరింగు గద్దెను ఇప్పుడు ఆయన మనుమడు కడుగుతున్నాడు. రాయి, దాని క్రింద పలక, రెండూ ఉన్నాయి. ప్రేమతో ఇచ్చినది ఒకటి, నిజము తెలిసి వ్రాసినది మరొకటి. రెండింటిలో ఏది లేకపోయినా మా ఊరికి నష్టమే.

మా చిన్నమ్మాయి ఇప్పుడు పదవ తరగతి చదువుతున్నది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డము పెట్టుకుంటుంది. ఆదివారము బడిలోని అయిదారేండ్ల పిల్లలు పాట పాడేటప్పుడు నోరు నిండా తెరుస్తున్నారు. వారికి కొత్త పళ్లు ఇంకా రాలేదు. వచ్చిన రోజున అవి ఎలా ఉంటాయో, ఈనాడు వారి చెంబులో ఏ నీరు పోస్తున్నామో దానిని బట్టి ఉంటుంది.